ఘాట్ ఎక్కే ముందు: పాత డీజిల్ కారులో టర్బో గాలి ఎక్కడ పోతోంది?

నేల మీద ఎలాగోలా నెట్టుకొచ్చే బండి గుట్టు ఘాట్‌లో బయటపడుతుంది. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, శృంగవరపుకోట దాటి అరకు మలుపులు మొదలయ్యేసరికి రెండో గేరులో కూడా మూలుగుతుంది. ‘పాతబడింది కదా, పికప్ తగ్గుతుందిలే’ అని సర్దుకోకండి. స్విఫ్ట్ 1.3 డీడీఐఎస్ లాంటి చిన్న డీజిల్ ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే 190 ఎన్ఎం టార్క్‌లో (లాగే బలంలో) సగానికి పైగా టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంకా, చలవే. ఆ గాలి తగ్గితే లారీని దాటబోయి మధ్యలో ఇరుక్కుంటారు. పైగా కారుతున్న గాలిని పూడ్చడానికి టర్బో ఉండాల్సిన దానికంటే వేగంగా తిరిగి, అసలు బాగున్నదే పాడవుతుంది. ప్రయాణానికి కనీసం వారం ముందు చూసుకోండి. విడిభాగం తెప్పించాల్సి వస్తే ఆ మాత్రం టైము కావాలి.

లక్షణాన్ని బట్టి వెతికే చోటు మారుతుంది. 1800 ఆర్‌పీఎం లోపు బద్ధకంగా ఉండటం ఈ ఇంజన్ల స్వభావం, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ‘స్‌స్’మని గాలి శబ్దం, వెనక నల్లపొగ కనిపిస్తే టర్బో తర్వాతి గొట్టాల్లో లీకు ఉండొచ్చు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కున్నా నల్లపొగ వస్తుంది. బాగా లాగుతూ లాగుతూ ఒక్కసారిగా చచ్చుబడి, తాళం ఆపి మళ్లీ వేస్తే కోలుకుంటే అది లింప్ మోడ్ (ఇంజన్ తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకోవడం): టర్బో కంట్రోల్ వైపు చూడాలి. పొగే లేకుండా నీరసంగా ఉంటే ముందు డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చి చూడండి. అంబులెన్స్ సైరన్‌లాంటి కూత కొత్తగా మొదలైతే మాత్రం బండి నడపొద్దు, టర్బో రెక్కలు గోడకు రాసుకుంటున్నాయేమో చూడాలి.

పని పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద పెట్టుకోండి. తిరిగొచ్చిన బండిలో టర్బో చుట్టూ ఉన్న ఇనుము గంట తర్వాత కూడా చర్మం ఊడదీస్తుంది. కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండులు పెట్టండి. లీకు పట్టడానికి కొందరు పెట్రోలు, ఈథర్ స్ప్రే కొడుతుంటారు. డీజిల్ ఇంజన్ దగ్గర ఆ పని అసలు చేయకూడదు: ఆవిరి లోపలికి పోయిందంటే అదే ఇంధనమై ఇంజన్ అదుపు తప్పుతుంది. సబ్బునీళ్లు చాలు.

పాత బండ్లలో దొంగ ఎక్కువసార్లు రబ్బరు హోసే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే రెండు పెద్ద గొట్టాలను పైనుంచి చూసి బాగున్నాయనుకోవద్దు. చీలిక దాదాపు ఎప్పుడూ కంటికి కనబడని కింది వైపునే, వంపు లోపలో బ్రాకెట్‌కి రాసుకునే చోటో ఉంటుంది. వేళ్లతో చుట్టూ తడిమి, గట్టిగా నొక్కి వంచితే అప్పుడు నోరు తెరుస్తుంది. చెయ్యి తీశాక వేలికి నల్లటి జిడ్డు అంటితే ఆ చోటు అనుమానించండి. గొట్టంలో పల్చటి నూనె తడి మామూలే. కానీ బయట దుమ్ము ముద్దలా పేరుకుందంటే అక్కడి నుంచి గాలి నూనెను మోసుకొస్తోందన్నమాట. గొట్టం మళ్లీ ఎక్కించేటప్పుడు లోపలి జిడ్డు పూర్తిగా తుడవాలి. లేకపోతే క్లిప్పు ఎంత బిగించినా ఒత్తిడికి జారి ఊడుతుంది. క్లిప్పు లోహపు గొట్టం చివరనున్న ఉబ్బు దాటి లోపలికి కూర్చోవాలి, రబ్బరును కోసేంతగా బిగించకూడదు. ఇంటర్‌కూలర్ అంచుల్లో ప్లాస్టిక్ తొట్టి, అల్యూమినియం కలిసే అతుకు కూడా చూడండి.

కంటికి దొరక్కపోతే గాలి పెట్టి చూడాలి. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకి వెళ్లే గొట్టం విప్పి, టర్బో వైపు నోటికి సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్‌కి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి, ఆ క్యాప్‌ను గొట్టంలో పెట్టి క్లిప్పు వేయండి. ఇంజన్ బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) ఈ గొట్టంలోకే వచ్చి కలుస్తుంది. దాన్ని విడదీసి, గొట్టం మీద ఆ రంధ్రాన్ని మూసేయకపోతే గాలి క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) ఎక్కి ఆయిల్ సీళ్లు ఊడతాయి. సైకిల్ పంపుతో 10 పీఎస్ఐ దాకా కొడితే చాలు. పంక్చర్ షాపు కంప్రెసర్ రెగ్యులేటర్ లేకుండా పెట్టారో, క్యాప్ తుపాకి గుండులా ఎగిరొస్తుంది. దాని ఎదురుగా మొహం పెట్టొద్దు. గాలి నిలబడకుండా మెల్లగా తగ్గుతుంది, కంగారు పడకండి, తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత పోతుంది. గొట్టాల మీద సబ్బు బుడగలు లేచే చోటే మీకు కావాల్సింది.

గొట్టాలన్నీ బాగుంటే కంట్రోల్ వైపు తిరగండి. వానాకాలంలో బానెట్ కింద చేరే ఎలుకలకు 3, 4 మిల్లీమీటర్ల వాక్యూమ్ పైపులు మహా ఇష్టం. కొరికిన పైపు స్థానంలో అక్వేరియం పైపు పెట్టినవాళ్లున్నారు. అది వేడికి మెత్తబడి లోపలికి అంటుకుపోతుంది. అదే లోపలి కొలత ఉన్న సిలికాన్ వాక్యూమ్ పైపే వేయండి. వాక్యూమ్‌తో నడిచే వేరియబుల్ టర్బో (లోపలి రెక్కల కోణం మారేది) అయితే ఒకరు ఇంజన్ స్టార్ట్ చేస్తుంటే మరొకరు ఆ రెక్కలను కదిపే యాక్చువేటర్ కడ్డీ చూడాలి: స్టార్ట్ కాగానే లోపలికి లాగుకోవాలి, ఆపగానే వెనక్కి రావాలి. కదలకపోతే చేతి వాక్యూమ్ పంపు పెట్టి లాగండి. పంపు మీటరు ముల్లు ఒక నిమిషం నిలబడకుండా పడిపోతే యాక్చువేటర్ లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగింది. ముల్లు నిలబడినా కడ్డీ కదలకపోతే లోపల మసి పట్టి ఇరుక్కుంది. రెండూ బాగుంటే సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో వాక్యూమ్‌ను అదుపు చేసేది), ఇంజన్ వాక్యూమ్ పంపు మిగిలాయి. సాధారణ వేస్ట్‌గేట్ టర్బోకి (ఎక్కువైన పొగను పక్కకు వదిలే తలుపున్నది) ఇది వర్తించదు, అక్కడ కడ్డీ గాలి ఒత్తిడికే కదులుతుంది.

స్కానర్ ఉంటే కోడ్ చెరిపేముందు రాసుకోండి. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తక్కువైతే సాధారణంగా పీ0299 వస్తుంది. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) అంకె చూడండి. అది బయటి గాలి ఒత్తిడే చూపాలి: విశాఖలో 101 కిలోపాస్కల్స్ దగ్గర, హైదరాబాద్‌లో సుమారు 95, అరకులో 91 చుట్టూ. హైదరాబాద్‌లో 80 చూపిస్తే సెన్సర్ అబద్ధమాడుతోంది, విప్పి ఎలక్ట్రానిక్ క్లీనర్‌తో మసి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. పుల్లతో పొడవొద్దు. తర్వాత ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద మూడో గేరులో 1500 నుంచి 3000 దాకా పూర్తిగా తొక్కాలి, స్క్రీను పక్కవాళ్లు చూడాలి. కోరిన బూస్ట్‌కీ, వచ్చిన బూస్ట్‌కీ 20, 30 కిలోపాస్కల్స్ తేడా కొన్ని సెకన్లు అలాగే ఉంటే సమస్య ఇంకా తీరలేదు. ఈ పరీక్ష ఘాట్‌లో చేయొద్దు.

ఇవన్నీ దాటాకే టర్బోను అనుమానించండి. చల్లటి ఇంజన్ మీద టర్బో నోటి దగ్గర నట్టును రెండు వేళ్లతో పట్టుకుని ఊపితే పక్కలకు కాస్త ఊగడం మామూలు. ముందుకూ వెనక్కూ ఆట తెలిసినా, రెక్క గోడకు తగిలినా అది అయిపోయింది. కొత్తది బిగించేముందు ఆయిల్ ఫీడ్ పైపు మార్చాలి. పాత దానిలో మసి గడ్డలుంటే కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది. ఇంటర్‌కూలర్ విప్పి బోర్లించినప్పుడు నూనె ధారగా కారితే, శుభ్రం చేసి కారణం తేల్చేదాకా ఆ బండిని ఘాట్‌కి తీసుకెళ్లొద్దు. ఆ నూనెను ఇంజన్ తాగడం మొదలుపెడితే తాళం తీసినా ఆగదు. అప్పుడు చేయాల్సింది: టాప్ గేరు వేసి, బ్రేకు, హ్యాండ్‌బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ ఒక్కసారిగా వదలాలి. గాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు.

దారిలో గొట్టం చిరిగితే చీలిక చుట్టూ జిడ్డు తుడిచి, పాత సైకిల్ ట్యూబు ముక్క రెండు పొరలు చుట్టి, రెండు వైపులా క్లిప్పులు వేయండి. ఆ కట్టు కొండ దిగి మెకానిక్ దగ్గరికి చేరడానికి సరిపోతుంది, 2000 ఆర్‌పీఎం లోపు మెల్లగా నడిపితే. డిక్కీలో ఆ సైజు క్లిప్పులు రెండు, ఒక స్క్రూడ్రైవరు, చిన్న ట్యూబు ముక్క పడేసి ఉంచండి.