టైటిన్ జెల్: పోయడం, నడపడం, చదవడం

కండరం సంకోచించే అతి చిన్న ప్రమాణమైన సార్కోమియర్‌లో, దాని అంచు (జెడ్ గీత) నుంచి నడిమి (ఎం గీత) దాకా ఒకే అణువుగా సాగే ప్రోటీన్ టైటిన్. బరువు దాదాపు 3 మెగాడాల్టన్లు (30 లక్షల డాల్టన్లు), అంతకు మించి కూడా. ప్రోటీన్లను కరెంటుతో పరిమాణం ప్రకారం వేరుచేసే మామూలు అక్రిలమైడ్ జెల్‌లో వేస్తే దాదాపు వెల్ (శాంపిల్ పోసే గుంట) దగ్గరే ఆగిపోతుంది. అందుకే రంధ్రాలు పెద్దవైన అగరోజ్ జెల్‌ను నిలువుగా పోసుకోవాలి.

ఎక్కువ జెల్‌లు పాడయ్యేది కణజాలం దగ్గరే. కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి, తూకం వేసేటప్పుడూ కరగనివ్వకూడదు. కరిగిందా, కాల్పెయిన్ లాంటి ప్రోటియేజులు టైటిన్‌ను తెగ్గొడతాయి, ఫాస్ఫటేజులు ఫాస్ఫేట్లను ఊడబెరుకుతాయి. 10-20 మిల్లీగ్రాముల ముక్కను నైట్రోజన్‌తో చల్లబరిచిన గాజు గ్రైండర్‌లో పొడి చేసి, మిల్లీగ్రాముకు 40 మైక్రోలీటర్ల చొప్పున బఫర్ పోయండి: 8 మోలార్ యూరియా, 2 మోలార్ థయోయూరియా, 3 శాతం ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పే డిటర్జెంట్), 75 మిల్లీమోలార్ డీటీటీ (గంధకపు బంధాలను తెంచేది), 50 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 6.8), కాస్త బ్రోమోఫినాల్ బ్లూ. ప్రోటియేజ్, ఫాస్ఫటేజ్ నిరోధకాలు కలిపిన 50 శాతం గ్లిసరాల్ అంతే పరిమాణంలో చేర్చి, 60 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలి. అలవాటుకొద్దీ 95 డిగ్రీలకు పెట్టొద్దు. యూరియా విడిపోయి సయనేట్ పుడుతుంది, అది ప్రోటీన్‌కు అతుక్కుంటుంది.

జెల్‌కు 1 శాతం గట్టి రకం అగరోజ్, 30 శాతం గ్లిసరాల్, 50 మిల్లీమోలార్ ట్రిస్, 384 మిల్లీమోలార్ గ్లైసిన్, 0.1 శాతం ఎస్‌డీఎస్. అగరోజ్ గాజుకు అంటుకోదు కాబట్టి ముందు అడుగున 12 శాతం అక్రిలమైడ్ ప్లగ్ వేయాలి, లేకుంటే జెల్ మొత్తం జారి కింద పడుతుంది. పలకలను 65 డిగ్రీల ఓవెన్‌లో వేడెక్కించాకే పోయండి. చల్లటి గాజు మీద అగరోజ్ పొరలుపొరలుగా గడ్డకట్టి బ్యాండ్‌లు (ఒక్కో ప్రోటీన్ చేరే గీతలు) వంకరపోతాయి. పై బఫర్‌లో 10 మిల్లీమోలార్ మెర్కాప్టోఇథనాల్ కలిపి, కోల్డ్ రూమ్‌లో జెల్‌కు 15 మిల్లీయాంపుల చొప్పున మూడు గంటల పైన నడపాలి.

గుండె శాంపిల్‌లో టైటిన్ రూపాల్లో పెద్దదైన ఎన్2బీఏ అన్నిటికంటే పైన, చిన్నదైన ఎన్2బీ దాని కింద, ఇంకా కింద దాదాపు 2 మెగాడాల్టన్ల దగ్గర టీ2 కనిపిస్తాయి. టీ2 అంటే స్ప్రింగు భాగం తెగిపోయాక మిగిలిన ముక్క. అది పై బ్యాండ్‌లంత ముదురుగా ఉంటే ఆ శాంపిల్ పారేయడమే మేలు, దాన్నుంచి ఎన్2బీఏ-ఎన్2బీ నిష్పత్తి తీసినా అర్థం లేదు. పరిమాణం కొలవాలంటే ఒకే శాంపిల్‌ను నాలుగైదు వేర్వేరు మోతాదుల్లో వేసి, మయోసిన్ హెవీ చైన్‌తో (కండరంలోని మరో ప్రోటీన్) పోల్చి, మోతాదుతో పాటు బ్యాండ్ ముదిరే గ్రాఫ్ గీత వాలు తీసుకోవాలి. ఒక్క లేన్‌ను (ఒక శాంపిల్ నడిచిన దారి) నమ్మొద్దు, బ్యాండ్ ఇక ముదరలేనంతగా ఎప్పుడో సంతృప్తమై ఉండొచ్చు.

ఇక సిగ్నలింగ్, అంటే టైటిన్‌కు ఫాస్ఫేట్లు ఎన్ని తగిలాయన్నది. ఫాస్ఫేట్లను చూపే ప్రో-క్యూ డైమండ్ రంగు ముందు, మొత్తం ప్రోటీన్‌ను చూపే సైప్రో రూబీ తర్వాత, రెండూ ఒకే జెల్ మీద. వీటి నిష్పత్తి పెరిగింది కదా అని గుండె మెత్తబడిందని రాసేయకండి. పీకేఏ, పీకేజీ అనే కైనేజులు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) టైటిన్ స్ప్రింగులోని ఎన్2బీ భాగానికి (పైన చెప్పిన ఎన్2బీ రూపం కాదు) ఫాస్ఫేట్ తగిలిస్తే టైటిన్ సులువుగా సాగుతుంది. పీకేసీ ఆల్ఫా అనే కైనేజ్ స్ప్రింగులోనే ఉన్న పీఈవీకే భాగానికి తగిలిస్తే బిగుస్తుంది. రంగుకు ఈ రెండింటి తేడా తెలియదు. ఏ చోట మారిందో చెప్పాలంటే ఆ చోటికే పనిచేసే యాంటీబాడీతో బ్లాట్ (జెల్‌లోని ప్రోటీన్‌ను పొర మీదికి దింపి గుర్తించడం) చేయాలి. అస్థి కండరం టైటిన్‌లో ఎన్2బీ భాగమే ఉండదు కాబట్టి అక్కడ ఆ యాంటీబాడీ ఖాళీ లేన్ చూపితే ప్రయోగం చెడినట్టు కాదు.