మయన్మార్ సరిహద్దులో ఫీల్డ్‌వర్క్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అక్టోబర్ చివరికి మిజోరం కొండల్లో వానలు తగ్గుతాయి. కొండచరియల బెడద తగ్గి, ఐజ్వాల్ నుంచి సరిహద్దు పట్టణం చంఫాయ్ వెళ్లే షేరింగ్ సుమోలు కాస్త టైముకి నడుస్తాయి. మయన్మార్ మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు, థింక్‌ట్యాంకుల్లో పనిచేసేవాళ్లు టికెట్లు తీసేది అప్పుడే. చిక్కేమిటంటే, అవతల సైన్యం కదిలేదీ అప్పుడే. బురద ఆరితే ట్రక్కులు కదులుతాయి, మబ్బు విడితే విమానాలు లేస్తాయి. 2023లో మయన్మార్ సైనిక పాలన మీద మూడు సాయుధ సంస్థలు కలిసి షాన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన దాడికి ‘ఆపరేషన్ 1027’ అని పేరు పెట్టింది కూడా తేదీని బట్టే, అక్టోబర్ 27. రెండు వారాలు దాటగానే మిజోరం పక్కనున్న చిన్ రాష్ట్రపు పోరాట దళాలు మన జోఖావ్‌తార్‌కి ఎదురుగా, టియావు నదికి అవతలున్న రిఖావ్‌దార్‌ని పట్టుకున్నాయి. వేలమంది నది దాటి ఇటు వచ్చారు. పారిపోయి వచ్చిన మయన్మార్ సైనికులు మిజోరం పోలీసులకు లొంగిపోయారు.

అందుకని మొదట చూసుకోవాల్సింది క్యాలెండర్. ఊళ్ల పేర్లు, తేదీలు రాళ్ల మీద చెక్కినట్టు పెట్టుకోవద్దు. ముందు ఐజ్వాల్‌లో కూర్చోండి. చిన్ రాజకీయ నాయకులు, టీచర్లు, డాక్టర్లు, 2021 సైనిక కుట్రకు వ్యతిరేకంగా ఉద్యమంలో చేరి ఉద్యోగాలు వదిలేసిన ప్రభుత్వ ఉద్యోగులు చాలామంది అక్కడే ఉన్నారు. సరిహద్దు ఊళ్లకు వెళ్లకుండానే పనిలో పెద్ద భాగం అయిపోతుంది. చంఫాయ్, జోఖావ్‌తార్ చివర్లో పెట్టుకుంటే, పరిస్థితి బాగోకపోతే ఆ నాలుగు రోజులు వదులుకుని వచ్చేయొచ్చు. ముందే అక్కడికి వెళ్లి ఇరుక్కుంటే మొత్తం ట్రిప్పే పోతుంది. ఆదివారం ఏ పనీ పెట్టుకోకండి. చర్చిలు తప్ప దాదాపు అన్నీ మూసి ఉంటాయి.

వానాకాలం వెళ్తే సురక్షితం అనుకోవడమూ పొరపాటే. 2025 జూలైలో రిఖావ్‌దార్ దగ్గర రెండు చిన్ దళాలు తమలో తాము కాల్చుకున్నాయి. సైన్యం ప్రమేయమే లేదు. మళ్లీ వేలమంది మిజోరంలోకి వచ్చారు.

కాగితాల సంగతి

హైదరాబాద్ నుంచి వెళ్లినా, విజయవాడ నుంచి వెళ్లినా మిజోరంలో అడుగుపెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. మణిపూర్‌కీ ఇప్పుడు అంతే. తాత్కాలిక పర్మిట్ గడువు తక్కువ. ఎన్నాళ్లకిచ్చారో చూసుకుని, పొడిగించుకోవడానికి ఐజ్వాల్‌లో ఒక పూట కేటాయించుకోండి. మీతో విదేశీ పౌరసత్వం ఉన్న సహ పరిశోధకులు ఉంటే వాళ్ల లెక్క వేరు. 2024 డిసెంబర్ నుంచి మణిపూర్, మిజోరం, నాగాలాండ్‌లకు విదేశీయుల ప్రత్యేక అనుమతి మళ్లీ తప్పనిసరి చేశారు. అమెరికా పాస్‌పోర్టున్న మన తెలుగువాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఓసీఐ కార్డు ఉంది కదా అని బయల్దేరిపోవద్దు.

యూనివర్సిటీ లెటర్ ఇంగ్లీషులో, ముద్రతో, గైడ్ ఫోన్ నంబర్‌తో ఉండాలి. కాపీలు నాలుగైదు పెట్టుకోండి. అస్సాం రైఫిల్స్ చెక్‌పోస్టులో ఒకటి అడుగుతారు, శరణార్థి శిబిరానికి వెళ్లే ముందు జిల్లా డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో ఒకటి ఇవ్వడం మంచిది. ఊరి కౌన్సిల్‌కీ, యంగ్ మిజో అసోసియేషన్ అనే స్థానిక సంఘం శాఖకీ మీరు వచ్చిన సంగతి చెప్పండి. ఊళ్లో కొత్తమనిషి దిగాడని వాళ్లకు ఎలాగూ గంటలో తెలిసిపోతుంది. ఆ మాట మీ నోటి నుంచి వెళ్లడమే నయం.

ఇక రిహ్ దిల్. మిజో కథల్లో, నమ్మకాల్లో పెద్ద చోటున్న చెరువు ఇది. ఉన్నది మాత్రం మయన్మార్‌లో, జోఖావ్‌తార్ వంతెన దాటితే దగ్గరే. ‘అందరూ వెళ్తున్నారు, ఒక గంటలో చూసి వచ్చేద్దాం’ అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. వెళ్లొద్దు. 2024 చివర్లో మార్చిన నిబంధనల ప్రకారం బోర్డర్ పాస్ సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు నివాసం ఉండేవాళ్లకే. మనకు ఏ రకంగానూ రాదు. వంతెన అవతల మీకేమైనా అయితే, మీరక్కడ ఉన్నట్టే ఏ కాగితంలోనూ ఉండదు. 2023 జనవరిలో చిన్ నేషనల్ ఫ్రంట్ అనే సాయుధ సంస్థ ప్రధాన స్థావరం మీద మయన్మార్ విమానాలు బాంబులేశాయి. ఆ చోటు టియావు నదికి దగ్గర్లోనే ఉంది.

యాంగోన్ వెళ్లాలనుకుంటే

వీసా తీసుకుని దర్జాగా యాంగోన్‌లో (పాత రంగూన్) దిగేవాళ్లకు ప్రమాదం తుపాకీ నుంచి కాదు, చట్టం నుంచి. సూచీ ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుగా పనిచేసిన ఆస్ట్రేలియా ప్రొఫెసర్ షాన్ టర్నెల్‌ను 2021 ఫిబ్రవరిలో, సైనిక కుట్ర జరిగిన వారంలోపే అరెస్టు చేశారు. అధికార రహస్యాల చట్టం కింద మూడేళ్ల శిక్ష వేశారు. 2022 నవంబర్‌లో క్షమాభిక్ష మీద బయటపడ్డాడు. ఆ చట్టం 1923 నాటిది, తెల్లవాళ్లు మనకూ వాళ్లకూ కలిపి పెట్టిపోయిందే. ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిన ఏ కాగితాన్నైనా రహస్యం అనిపించుకోవడం ఎంత తేలికో మన జర్నలిస్టులను అడిగితే చెబుతారు.

1908 నాటి చట్టవిరుద్ధ సంఘాల చట్టంలో 17(1) అని ఒక సెక్షన్ ఉంది. నిషేధించిన సంస్థతో సంబంధం పెట్టుకుంటే చాలు, జైలే. సమాంతర ప్రభుత్వమైన ఎన్‌యూజీని, దాని దళాలను 2021 మే నెలలోనే ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టారు. అంటే మీరు ఐజ్వాల్‌లో చేసిన ఇంటర్వ్యూలే యాంగోన్‌లో మీ మీద సాక్ష్యం. కాబట్టి రెండు వైపులా పని ఒకే ట్రిప్పులో పెట్టుకోవద్దు. ఒకే ఫోన్‌తో, ఒకే ల్యాప్‌టాప్‌తో అసలే వద్దు. టూరిస్ట్ వీసా మీద ఇంటర్వ్యూలు చేయడం కొరివితో తల గోక్కోవడమే.

యాంగోన్ వీధుల్లో సైనికులు ఫోన్ ఆపి చూస్తారు. ఫేస్‌బుక్ తెరిపిస్తారు, వీపీఎన్ ఉందా అని వెతుకుతారు. 2025 జనవరిలో తెచ్చిన సైబర్ చట్టం వీపీఎన్‌ల మీద ఆంక్షలు పెట్టింది. ఆ ఏడాది జూలైలో ఎన్నికలకు ఆటంకం కలిగించేవాళ్ల కోసమని ఇంకో చట్టం వచ్చింది. విమర్శకూ దాని కింద ఏళ్ల తరబడి జైలు ఉంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ట్విట్టర్‌లో మీ పాండిత్యం చూపించుకోనక్కర్లేదు.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో సైనిక పాలకులు నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు దాని పరిధిలోకి వస్తారు. మీకు అనువాదకుడిగా దొరికే కుర్రాడి వయసు సరిగ్గా అదే. పాతికేళ్ల అబ్బాయిని వెంటేసుకుని సాయంత్రం పూట మూడు చెక్‌పోస్టులు దాటించారంటే, మీకు పాస్‌పోర్టు అడ్డుంటుంది, అతనికి ఏమీ ఉండదు. పెద్ద వయసు మనిషిని చూసుకోండి. లేదంటే అతను ఉన్న చోటికే వెళ్లి, పగటిపూటే పని ముగించుకోండి.

పేర్లు, టేపులు, సంతకాలు

మనం తిరిగొచ్చేస్తాం. మనతో మాట్లాడినవాళ్లు అక్కడే ఉంటారు, లేదా వాళ్ల అమ్మానాన్నలు ఉంటారు. జాగ్రత్తలన్నీ ఇక్కడి నుంచి మొదలుపెట్టి ఆలోచించాలి గానీ, మన హోటల్, మన ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి కాదు. (ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. యుద్ధం వల్ల కలిగే నష్టానికి వర్తించదని చాలా పాలసీల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.)

బోస్టన్ కాలేజీ వాళ్లు ఉత్తర ఐర్లాండ్ మాజీ సాయుధుల జ్ఞాపకాలను, బతికుండగా బయటపెట్టబోమని మాటిచ్చి రికార్డు చేశారు. 2011లో బ్రిటిష్ పోలీసుల కోసం అమెరికా ప్రభుత్వం కోర్టు సమన్లు పంపింది. టేపుల్లో కొన్ని చేతులు మారాయి. పరిశోధకుడు ఇచ్చిన మాట కోర్టు ముందు నిలబడలేదు. కాబట్టి ‘మీ పేరు ఎప్పటికీ బయటకు రాదు’ అని ఎవరికీ చెప్పకండి. ‘పేరు నేను రాసుకోను’ అని చెప్పండి, నిజంగానే రాసుకోకండి.

ఆచరణలో ఇలా చేయొచ్చు. నోట్‌బుక్‌లో మనిషికి బదులు ఒక గుర్తు. అది కూడా ఊరి మొదటి అక్షరం, వయసు కలిపి పెట్టేది కాదు, దేనికీ సంబంధం లేనిది. ఆ గుర్తులకు అసలు మనుషులెవరో చెప్పే కాగితం అసలు ఉండాలా అని రెండుసార్లు ఆలోచించండి. ఉండి తీరాలంటే అది మీతో ప్రయాణం చేయకూడదు. ఫోన్ కాంటాక్టుల్లో ‘చిన్ కమాండర్ 2’ అని సేవ్ చేసుకునే మహానుభావులు ఉన్నారు, నవ్వులాట కాదు. ఫొటోలో ముఖం లేకపోయినా వెనక చర్చి గోపురం కనిపిస్తే ఊరు తెలిసిపోతుంది. ఫొటోలో దాగి ఉండే లొకేషన్ సమాచారం ఆపేసుకోండి. వేలిముద్ర లాక్ తీసేసి పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోండి. నిద్రపోతున్న మనిషి వేలు పట్టుకుని కూడా ఫోన్ తెరవొచ్చు.

ఎథిక్స్ కమిటీ అడిగే సంతకాల ఫారం దగ్గర గొడవ వస్తుంది. ఆ ఫారం ఆసుపత్రి పరిశోధనల కోసం తయారైంది. నిషేధిత సంస్థ మనిషి సంతకం ఉన్న కాగితాన్ని ఫైల్‌లో పెట్టుకోవడమంటే నేరారోపణ పత్రం మనమే తయారుచేసి ఇచ్చినట్టు. నోటిమాట అంగీకారం చాలని కమిటీ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నెలలు పడుతుంది, కాబట్టి టికెట్ల కంటే ముందు ఈ పని.

శిబిరాల్లో ఇంకో మాట. చిన్ రాష్ట్రంలోని థాంట్లాంగ్ పట్టణం 2021లో కాలిపోయింది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఆ రోజు సంగతి విలేకరులకు, ఎన్జీవోలకు, మనలాంటివాళ్లకు చెప్పీ చెప్పీ ఉన్నారు. మీ సిద్ధాంత వ్యాసం విదేశాంగ విధానం మీద అయితే ఇల్లు ఎలా కాలిందో అడగాల్సిన పని లేదు. అడగకండి.

ఎవరి బండి ఎక్కుతున్నారు

చిన్ దళాలన్నీ ఒకటే అనుకుని వెళ్లేవాళ్లకు ఇక్కడ దెబ్బ తగులుతుంది. చిన్‌లాండ్ కౌన్సిల్ ఒక వైపు, చిన్ బ్రదర్‌హుడ్ మరో వైపు. 2025 ఫిబ్రవరిలో మిజోరం ముఖ్యమంత్రి లాల్‌దుహోమా సమక్షంలో ఒక్కటవుతామని సంతకాలు చేశారు, జూలైలో మళ్లీ కాల్పులు. ఒక వర్గం వాళ్ల గెస్ట్‌హౌస్‌లో దిగి, వాళ్ల బండిలో తిరిగితే, రెండో వర్గం మీకు టీ ఇస్తుంది గానీ మాట ఇవ్వదు. బస, భోజనం, బండి మూడూ మీ డబ్బుతోనే పెట్టుకోండి. బిల్లు కాస్త ఎక్కువైనా సరే.

మణిపూర్‌లో ఇది ఇంకా కటువు. 2023 మేలో మైతేయి, కుకీల మధ్య హింస మొదలైనప్పటి నుంచి ఇంఫాల్ లోయలోని మైతేయి డ్రైవర్ కుకీ కొండల్లోకి రాడు, కుకీ డ్రైవర్ లోయలోకి దిగడు. రెండు వైపులా వెళ్లగలిగేది ఎక్కువగా పంగల్ ముస్లిం డ్రైవర్లే. సరిహద్దు పట్టణం మోరే వెళ్లాలనుకునేవాళ్లు మ్యాప్‌లో దూరం కాదు, డ్రైవర్ ఎవరో ముందు చూసుకోవాలి. నా మటుకు, సాధారణ పీహెచ్‌డీ పనికి మోరే అవసరం లేదనే చెబుతాను.

మన తెలుగు కొస

కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లినవాళ్ల వారసులు మోన్ రాష్ట్రంలో, బగో వైపు ఇంకా ఉన్నారు. 1960ల్లో నే విన్ కాలంలో తిరిగొచ్చినవాళ్ల ఆనవాలు విశాఖలో బర్మా క్యాంప్ అనే పేరులో ఉంది. విశాఖ పెద్దాయన ఎవరైనా ‘మా చిన్నాన్నగారి పిల్లలు అక్కడే ఉన్నారమ్మా, కలిసిరా’ అంటే సంతోషంగానే ఉంటుంది. కలవండి, భోంచేయండి, రాజకీయం అడగకండి. వాళ్లు అక్కడ అల్పసంఖ్యాకులు, తల వంచుకుని బతుకుతున్నవాళ్లు. మీ ఫుట్‌నోట్ కోసం వాళ్లను బయటకు లాగొద్దు. వాళ్లకివ్వమని ఎవరైనా డబ్బు కవరు ఇస్తే తీసుకోకండి, హుండీ (బ్యాంకు బయట దొంగచాటుగా డబ్బు పంపే) దారి అసలే చూపించకండి.

టీవీ చర్చల్లో ఒకట్రెండుసార్లు కనిపించారంటే ఇంకో రకం ఫోన్లు వస్తాయి. థాయ్ సరిహద్దులోని మయన్మార్ పట్టణం మ్యావడీ సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కున్న పిల్లల తల్లిదండ్రులవి. 2025 మార్చిలో థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో వందలమంది భారతీయులను తెచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తల్లి ఏడుపు వింటే ‘నాకు తెలిసిన ఒకతను ఉన్నాడు’ అనాలనిపిస్తుంది. అనకండి. మధ్యవర్తిగా దిగితే డబ్బు పోతుంది, పిల్లాడికి దెబ్బలు పెరుగుతాయి. యాంగోన్‌లోని మన రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, దగ్గరి పోలీస్ స్టేషన్, ఈ మూడు దారులూ చెప్పి, ఫిర్యాదు రాయడంలో సాయం చేయండి.

రాసేటప్పుడు

2024 ఆగస్టులో షాన్ రాష్ట్రంలోని లాషియో పడిపోయింది. సైన్యం ప్రాంతీయ ప్రధాన కార్యాలయం ఒకటి తిరుగుబాటుదార్ల చేతికి చిక్కడం అదే మొదటిసారి. సైనిక పాలన ఇక నెలల్లో కూలుతుందని ఎంతమంది రాశారో! 2025 ఏప్రిల్‌లో చైనా మధ్యలో కూర్చుని ఆ ఊరిని మళ్లీ సైన్యానికి ఇప్పించింది. ఎవరి చేతిలో ఏ ఊరుందో చూపించే రంగురంగుల మ్యాపులు వాడితే మ్యాపు కింద తేదీ వేయండి. పట్టణం ఒకరిది, దారి ఇంకొకరిది, రాత్రి పన్ను వసూలు చేసేది మూడోవాళ్లు అయ్యే చోట ఒకే రంగు పూయడం అబద్ధమే.

కోల్‌కతాను మయన్మార్ మీదుగా మిజోరంతో కలిపే కలదాన్ ప్రాజెక్టు మీద రాసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సిత్వే రేవులో 2023 మే నెలలో కోల్‌కతా ఓడ దిగింది. 2024 జనవరిలో ఆ దారిలోని పలెత్వా పట్టణం అరకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు సంస్థ చేతికి వెళ్లింది. ఢిల్లీ ఎవరితో మాట్లాడాలన్నది మంచి ప్రశ్నే. అయితే ‘ఫలానా నాయకుడు భారత్‌తో ఇప్పటికే టచ్‌లో ఉన్నాడు’ అని మీరు రాసే ఒక్క వాక్యంతో అతనికి సొంత వర్గంలోనే ఎసరు రావచ్చు. అలాంటి వాక్యాన్ని అచ్చుకి ముందు అతనికే చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి, వాదం కాస్త పలచబడినా సరే.

ఇంట్లో వదిలి వెళ్లాల్సినవి: ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో రాసిన కాగితం, పాస్‌పోర్టు కాపీ, ఐజ్వాల్‌లో మీరు నమ్మే ఒకరి నంబర్. రోజూ ఒక టైముకి ఇంటికో, గైడ్‌కో మెసేజ్. అది రాకపోతే ఎన్ని గంటలు ఆగాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది బయల్దేరే ముందే కూర్చుని తేల్చుకోండి. సరిహద్దులో సిగ్నల్ పోవడం మామూలే కాబట్టి ఒక్క పూట మెసేజ్ రానంత మాత్రాన ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టొద్దని ఇంట్లోవాళ్లకు మరీ మరీ చెప్పండి.