బోరునీటి వాడకం పరిసరాలపై చూపే ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కోలారు, చిక్కబళ్ళాపురం వైపు తోట పెట్టుకున్న తెలుగువారు మొదట చేయవలసిన పని, బోరు ఎంత నీరు పోస్తున్నదో కొలవడం. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు; రోజుకు 5 గంటలు నడిపితే 36,000 లీటర్లు. ఇది ఎకరానికి దాదాపు 9 మిల్లీమీటర్ల వానతో సమానం కనుక, పైరుకు నిజంగా అవసరమైన నీటితో దీన్ని పోల్చి చూడాలి.

పరిమాణం ఒక్కటే ప్రభావాన్ని చెప్పదు. నీటి వాడకం ప్రభావాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం, 2014 నాటి ఐఎస్ఓ 14046, నీటి లభ్యతతోపాటు నాణ్యతనూ లెక్కలోకి తీసుకుంటుంది. లభ్యత సంగతి తెలియాలంటే, వానలకు ముందు మే నెలలోను, వానలు తగ్గాక నవంబరులోను, మోటారును రాత్రంతా ఆపి తెల్లవారుజామున బోరులో నీటిమట్టం కొలిచి, ఆ ఏటి వర్షపాతం పక్కనే రాసిపెట్టండి. వానలు బాగా పడినా నవంబరు మట్టం ఏటేటా దిగుతున్నదంటే, నేలలోకి ఇంకుతున్నదానికన్నా ఎక్కువ తోడుతున్నారనే అనుమానించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కొలత ఇదే.

జామాయిల్ తోటకు, అంటే ఇక్కడివారి నీలగిరికి, బోరు లేదు కనుక ప్రభావమూ లేదనుకోవడం పొరపాటు. దాని వేళ్ళు లోతు తేమను పీల్చుకుంటాయి. కర్ణాటక 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. తోటలోను, పక్క బీడులోను ఒకే లోతున మట్టి తీసి, ఆరబెట్టక ముందూ తరువాతా తూచి, రెండుచోట్లా తేమ ఎంతుందో పోల్చండి.