చలికాలంలో అమ్మను బుద్ధగయ తీసుకెళ్తున్నారా?

బుద్ధగయకు జనం ఎక్కువగా వెళ్ళేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. టిబెట్ భిక్షువులు, శ్రీలంక, థాయ్‌లాండ్ యాత్రికులు అప్పుడే వస్తారు. గయలో పిండప్రదానానికి వెళ్ళిన మనవాళ్ళు కూడా "పన్నెండు కిలోమీటర్లేగా, బుద్ధుణ్ణి కూడా చూసొద్దాం" అని అటు వెళ్తారు. ఎండాకాలం అక్కడి వడగాడ్పులకు పెద్దవాళ్ళు ఆగలేరు కాబట్టి చలికాలమే నయం. కాకపోతే ఉత్తరాదిన పొగమంచు కమ్మేదీ ఆ రోజుల్లోనే. రైల్లో వెళ్ళేవాళ్ళు గుడి సంగతి తరవాత, ముందు మంచు సంగతి చూసుకోవాలి.

సికింద్రాబాద్ నుంచి వెళ్ళే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ గయ మీదుగా పోదు. దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పెద్దవాళ్ళు ఇప్పటికీ మొగల్‌సరాయ్ అనే స్టేషన్లో, దిగి గయ బండి ఎక్కాలి. అక్కణ్ణుంచి ఇంకో 200 కిలోమీటర్లు. టైంటేబుల్ చూసి రెండు బండ్లకీ మూడు గంటల తేడా ఉంటే చాలనుకున్నాను. దారిలో మంచు పట్టింది. డ్రైవరుకు సిగ్నల్ కనపడక బండి పాకుతూ పోయింది. మేం దిగేసరికి రెండో బండి వెళ్ళిపోయింది. అమ్మ పెట్టె మీద కూచుని వణుకుతూనే "పర్వాలేదులే" అంది. ఈ విషయంలో అమ్మల మాట నమ్మకండి.

ఆ నెలల్లో అయితే అదే రోజు రెండో బండికి టికెట్ తీయకండి. పక్కనే కాశీ ఉంది. రాత్రి అక్కడ పడుకుని మర్నాడు గయకు వెళ్ళండి. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది, కానీ బండి మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్, అంటే టికెట్ డబ్బు వెనక్కి ఇమ్మని అడిగే దరఖాస్తు, పెట్టాలి. చీకటి పడ్డాక గయ చేరితే స్టేషన్ దగ్గరే ఎక్కడైనా ఉండి, తెల్లారాక ఆటో మాట్లాడుకోండి. మంచులో రాత్రి రోడ్డు ప్రయాణానికి అంత తొందరేం లేదు.

బెర్తు సంగతి చాలామందికి తెలియదు. లోయర్ బెర్త్ కోటా మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు నిండితే వర్తిస్తుంది. అయితే ఒక్కరే వెళ్ళాలి, లేదా అర్హత ఉన్న ఇద్దరు కలిసి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళ కొడుకు అదే టికెట్లో ఉంటే ఆ కోటా రాదు. తమ్ముడు బుక్ చేసినప్పుడు అమ్మకు మిడిల్ బెర్త్ పడింది కూడా అందుకే. నాకు 46, కాబట్టి ఈసారి తోడు నేనే వెళ్ళాను. వయసు దాచుకోకుండా చెప్పినందుకు దక్కిన లాభం అదొక్కటే.

మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. అవి సీటు కింద పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉండాలి. బాత్రూంకి వెళ్ళాల్సొస్తుందని అమ్మలు రైల్లో నీళ్ళు తాగరు. మీరే గంట గంటకూ ఇచ్చి తాగించాలి. షుగర్ ఉంటే అటుకులు, వేయించిన శనగలు దగ్గరుండాలి. బండి ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేం. మన చలికి కొన్న ఒక్క స్వెట్టర్ అక్కడ ఏ మూలకూ చాలదు. చెవులకు మంకీ క్యాప్, కాళ్ళకు రెండు జతల ఊలు సాక్సులు తీసుకోండి. గుడి దగ్గర చెప్పులు బయటే వదలాలి, పొద్దున్నే ఆ రాతి నేల మంచుగడ్డలా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇంకో మాట. బుద్ధగయలో చూడాల్సిన ఆ గుడి, అంటే మహాబోధి ఆలయం, చుట్టూ ఉన్న నేలకన్నా పల్లంలో ఉంటుంది. మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి, వచ్చేటప్పుడు అవే ఎక్కాలి.

అసలు టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది. 2013 జులైలో పేలుళ్ళు జరిగాక లోపలికి ఫోన్లు రానివ్వడం లేదు. బయట లాకర్లో పెట్టి టోకెన్ తీసుకోవాలి. బోధివృక్షం గుడికి వెనక, పడమటి వైపు ఉంది. అక్కడ కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు కూచున్నాను. తెరిచేసరికి అమ్మ పక్కన లేదు. ఫోన్ చేద్దామంటే ఫోన్ లేదు, అమ్మే ఎవరినైనా అడుగుతుందిలే అనుకుందామంటే ఆమెకు హిందీ రాదు. చుట్టూ వందలమంది మెరూన్ బట్టల్లో ప్రదక్షిణ చేస్తున్నారు. ముప్పావు గంట వెతికితే, దిగొచ్చిన మెట్ల దగ్గరే కూచుని ఉంది. "నువ్వే తప్పిపోయావనుకున్నా" అంది.

అందుకే లోపలికి అడుగుపెట్టకముందే, తప్పిపోతే కలిసే చోటు ఒకటి చూపించండి. దిగిన మెట్లే మంచి గుర్తు. హోటల్ పేరు, మీ నంబరు హిందీలో రాయించిన చీటీ, ఒక ఐదొందల నోటు అమ్మ కొంగున ముడి వేయండి. లాకర్ టోకెన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. నేను అది కూడా అమ్మ కొంగునే కట్టాను. చలికి వేళ్ళు వంగక, లాకర్ల కిటికీ ముందు వరసంతా ఆపేసి, ఆ ముడి పళ్ళతో విప్పాల్సొచ్చింది.