డెస్క్‌టాప్ మరమ్మతు పాఠాలు – 5వ భాగం: బూట్ ఆర్డర్, స్టార్టప్ సెట్టింగులు

పోయిన భాగంలో విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారుచేసుకున్నాం. దాన్ని గుచ్చి సిస్టమ్ ఆన్ చేస్తే మళ్లీ పాత విండోసే వస్తోందా? మదర్‌బోర్డు తన దగ్గరున్న వరుస ప్రకారం డ్రైవులను వెతుకుతుంది, బూట్ అయ్యేది, అంటే సిస్టమ్‌ను లేపగలిగేది, ఏది ముందు దొరికితే దానితో మొదలవుతుంది. ఆ వరుసే బూట్ ఆర్డర్.

అయితే ఒక్కసారి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడానికి ఆ వరుసను కదపనక్కర్లేదు. ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని ఆపకుండా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో, గిగాబైట్‌లకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసూస్ బోర్డులకు ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11. అందులో ఎంచుకున్నది ఆ ఒక్కసారికే. యూఎస్‌బీని శాశ్వతంగా పైన పెట్టి వదిలేస్తే, ప్రింటు కోసం ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఉండగా రీస్టార్ట్ అయినప్పుడు కొన్ని పాత సిస్టమ్‌లు నల్ల స్క్రీన్ మీదే ఆగిపోతాయి.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించొచ్చు: ఒకటి ముందు యూఈఎఫ్ఐ (బోర్డు కొత్త తరహా స్టార్టప్ పద్ధతి) అని ఉంటుంది, రెండోదానికి ఉండదు, అది లెగసీ, అంటే పాత పద్ధతి. చాలామంది తడబడేది ఇక్కడే. హార్డ్‌డిస్క్‌ను భాగాలుగా విడదీసింది జీపీటీ అనే కొత్త పద్ధతిలో అయితే యూఈఎఫ్ఐ లైను, ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో అయితే రెండోది. తప్పు లైను ఎంచుకుంటే ఇన్‌స్టాలర్ ‘ఈ డిస్క్‌లో విండోస్ వేయడం కుదరదు’ అంటుంది. కంగారులో పార్టిషన్లన్నీ డిలీట్ చేయకండి, డేటా మొత్తం పోతుంది. రీస్టార్ట్ చేసి ఇందాక ఎంచుకోని లైను ఎంచుకుంటే చాలాసార్లు పని అయిపోతుంది.

వరుసను శాశ్వతంగా మార్చాలంటే సెటప్‌లోకి (బయోస్ అని పిలిచే బోర్డు సెట్టింగుల స్క్రీన్) వెళ్లాలి. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో ఎక్కువగా డిలీట్ కీ, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. ఫాస్ట్ బూట్ (సిస్టమ్ త్వరగా లేచే సెట్టింగ్) వల్ల కీ పట్టకపోతే విండోస్‌లో షిఫ్ట్ నొక్కి ఉంచి రీస్టార్ట్ కొట్టండి. తర్వాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే ముందే సస్పెండ్ చేయండి, లేకుంటే 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది.

లోపలికి వెళ్లాక దేన్నీ కదపకముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బూట్ పేజీలో, యూఈఎఫ్ఐ సిస్టమ్ అయితే, విండోస్ బూట్ మేనేజర్ (డిస్క్‌లోని విండోస్‌ను మొదలుపెట్టేది) మొదట ఉండాలి. సేవ్ చేసి బయటికి రావడానికి సాధారణంగా ఎఫ్10. సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో పనిచేసే పద్ధతి) జోలికి మాత్రం పోవద్దు. అందులోని ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనే విలువలను అటూఇటూ మారిస్తే విండోస్ నీలి స్క్రీన్ మీద ఆగిపోవచ్చు. పాత విలువ తిరిగి పెడితే మామూలుగా లేస్తుంది, ఆ విలువ మీ ఫొటోలో ఉంటుంది.

మార్చిన సెట్టింగులు మర్నాటికి పోతున్నాయంటే అనుమానించాల్సింది బోర్డు మీది సెల్‌ను. తిరుపతిలో నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు రాత్రి మెయిన్ ఆపేసి తాళం వేస్తే, తెల్లవారేదాకా గడియారాన్ని నడిపేది ఆ సీఆర్2032 సెల్ ఒక్కటే. అది చచ్చిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ ‘కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటూ సైట్లను ఆపేస్తుంది. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పొద్దున ఇలా అయితే నెట్ బాగోలేదనుకుని రౌటర్‌ను తిట్టుకుంటారు. ముందు స్క్రీన్ కింద కుడి మూలన తేదీ చూడండి.

సెల్ మార్చడం తేలికే. ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. క్లిప్పు పక్కకు నొక్కితే సెల్ పైకి లేస్తుంది. మల్టీమీటర్‌లో కొత్తది 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.7 కంటే తగ్గినదాన్ని పారేయండి. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. ఆపైన సెట్టింగులు డిఫాల్ట్‌కు వెళ్తాయి కాబట్టి తేదీ, సాటా మోడ్, యూఈఎఫ్ఐ లేదా లెగసీ, బూట్ వరుస, ఈ నాలుగూ ఫొటోలతో సరిచూసుకోండి.

ఇంకొకటి, ఏసీ పవర్ లాస్ సెట్టింగ్. కరెంటు పోయి వచ్చాక సిస్టమ్ ఏం చేయాలో ఇది చెబుతుంది. ఎండాకాలంలో కరెంటు వస్తూ పోతూ ఉండేచోట, యూపీఎస్ లేకపోతే దాన్ని ‘పవర్ ఆఫ్’ అనే ఎంపికలో ఉంచడమే మేలు. పవర్ ఆన్ పెడితే కరెంటు వచ్చిన ప్రతిసారీ లేచి, విండోస్ సగంలో ఉండగానే మళ్లీ ఆరిపోతుంది, డిస్క్‌లో ఫైళ్లు చెడతాయి. సీసీ కెమెరాల రికార్డింగ్ సిస్టమ్‌కైతే పవర్ ఆన్ కావాలి, దానికి యూపీఎస్ తప్పనిసరి.

అభ్యాసం: విండోస్ కీ, R కలిపి నొక్కితే వచ్చే రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) కొట్టి, బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ ఉందో లెగసీ ఉందో రాసిపెట్టుకోండి. 6వ భాగంలో ఇన్‌స్టాలేషన్‌కు అది కావాలి.