పాత ఓపెన్ వ్యాగన్‌ను ఫ్లాట్ వ్యాగన్‌గా మార్చుకోండి

విరిగిన గోడలున్న, పైకప్పు లేని పాత ఓఓ స్కేల్ (బొమ్మ రైళ్ల కొలతల్లో ఒకటి) బొమ్మ రైలు వ్యాగన్ ఉంటే పారేయకండి. చక్రాలు బాగుంటే చాలు, దాన్ని కంటెయినర్ మోసే, గోడలు లేని ఫ్లాట్ వ్యాగన్‌గా మార్చవచ్చు. బ్రిటిష్ రైల్వేస్‌లో వీటిని కాన్‌ఫ్లాట్ అనేవారు.

గోడలను ఒక్కసారిగా కోసేయకండి. ఫ్లోర్‌కు ఒక మిల్లీమీటరు పైన పదునైన బ్లేడుతో పదిసార్లు తేలిగ్గా గీసి, తర్వాత మెల్లగా వంచితే ముక్క శుభ్రంగా ఊడి వస్తుంది. మిగిలిన అంచును అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దండి. అలా చేస్తేనే సమతలంగా వస్తుంది, చేత్తో రుద్దితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఫ్లోర్‌పై 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు అతికించి, బ్లేడు వెనుక వైపుతో 2 మి.మీ. ఎడంలో గీతలు గీయండి. ఈ స్కేల్‌లో 4 మి.మీ. అంటే ఒక అడుగు, కాబట్టి ఆరు అంగుళాల చెక్క పలకల్లా కనిపిస్తాయి.

చాలామంది మరిచిపోయేది బరువు. గోడలు పోతే వ్యాగన్ తేలికై, మలుపుల్లో పట్టాలు తప్పుతుంది. అడుగున, ఇరుసుల మధ్య కనబడకుండా సీసం ముక్క అతికించండి. ఇరుసుకు సుమారు 25 గ్రాములు ఉంటే నాకు బాగా నడుస్తోంది.