బొంగురు గొంతు, అర గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా

పదో తరగతికి లెక్కలు చెప్పే నాకు దసరా సెలవుల తర్వాత గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, కరక్కాయ, అల్లం రసం అన్నీ అయ్యాయి. నెల దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రుల మీద రెండువైపులా చిన్న బొడిపెలున్నాయన్నారు. ఆపరేషనేమోనని హడలిపోయాను. ముందు స్పీచ్ థెరపిస్టు దగ్గరకు వెళ్లమన్నారు.

ఆవిడ నాతో పది నిమిషాలు మాట్లాడించి, ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నానో లెక్కపెట్టారు. పదకొండు! లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని, ఆ లెక్క నాకే తెలియదు. సవరించుకున్న ప్రతిసారీ తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయట. విశ్రాంతి అనుకుని నేను గుసగుసగా మాట్లాడటమూ మంచిది కాదన్నారు.

తర్వాత అర గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ బుడగలు తెప్పించమన్నారు. గాలి బయటికిపోయే దారి ఇరుకైతే వెనక ఒత్తిడి పెరిగి, తంత్రులు తక్కువ తాకిడితో కంపిస్తాయి. ఉత్త గాలి ఊదితే లాభం లేదు. స్వరం పలకాలి, పెదవుల దగ్గర సన్నని కంపనం తెలియాలి. అది కుదరడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మా అమ్మాయి నవ్వులు అదనం.

రోజుకు ఐదుసార్లు, మూడేసి నిమిషాలు చేశాను. తరగతిలో చిన్న మైకు పెట్టుకున్నాను. బోర్డు వైపు తిరిగి అరవడం మానేశాను. పదో వారం పరీక్షలో బొడిపెలు దాదాపు కనిపించలేదు. ఆఖరి పీరియడుకు ఇప్పటికీ గొంతు కాస్త బరువెక్కుతుంది. అప్పుడు స్టాఫ్ రూములో స్ట్రా బయటికి తీస్తాను.